అడవి అంచున అంగడి

ఇంగ్లండులోని పాత అంగడి ఊళ్లకు వెళ్లే యాత్రికుడికి అక్కడివారు ముందుగా చూపేది, వారపు సంత నడుపుకొనే హక్కును మధ్యయుగపు రాజు రాసిచ్చిన శాసనం గురించిన జ్ఞాపకాన్నీ, సంత నడుమ నిలిచిన రాతి శిలువనూ. అమ్మకాలు, కొనుగోళ్లే ఊరిని నిలబెట్టాయన్న సంగతిని అక్కడి వీధులు దాచుకోవు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలోని మన్ననూరు కూడా ఒక విధంగా అంగడి ఊరే, అయితే అక్కడికి సరుకు పొలాల నుంచి కాక నల్లమల అడవి నుంచి వస్తుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రహదారి ఘాటెక్కి అడవిలోకి అడుగుపెట్టేది ఈ ఊరి దగ్గరే. వన్యప్రాణుల భద్రత కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఇక్కడి చెక్‌పోస్టు వద్ద వాహనాలను ఆపేస్తారు. ప్రతాపరుద్రుడి పేరు మోస్తున్న కోట శిథిలాలు, శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఉమామహేశ్వరం, ఫర్హాబాద్ వ్యూపాయింట్, మల్లెలతీర్థం జలపాతం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం: చూడవలసినవన్నీ చుట్టూ ఉన్నాయి, అందుకే ఊరిని చూసేవారు తక్కువ.

అయితే ఇక్కడి అంగడిలో చూడదగినది, అడవి నుంచి వచ్చే తేనె వెనుక ఉన్న శ్రమ. ఈ అడవిలోని చెంచు గిరిజనుల చిన్న ఆవాసాన్ని పెంట అంటారు. అక్కడి మగవాడు తేనెపట్టు కోసం తాడు పట్టుకుని నిట్టనిలువు కొండచరియ మీదుగా దిగుతాడు, పైన ఆ తాడుకు కాపలా ఉండేది అతని బావమరిది. తోబుట్టువు పసుపుకుంకాలు తన చేతిలో ఉన్నాయి కనుక అతను తాడు వదలడన్న నమ్మకం ఈ ఏర్పాటుకు మూలం. అంగడిలో సీసాకెక్కిన తేనె ధరలో ఈ నమ్మకానికి విలువ కట్టే తూకం ఎక్కడా లేదు.

తపసి చెట్టు బెరడుకు గాటు పెడితే ఊరి గడ్డకట్టే తపసి జిగురుదీ అదే కథ. రంగు తెల్లగా, చెత్త లేకుండా ఉంటే మేలురకం, ముదురు రంగైతే తక్కువరకం. ఆ తేడాను పెంటలోని ఆడవాళ్లు గడ్డ గడ్డనూ ఏరి వేరుచేస్తే, ధర మాత్రం కొనేవారి దగ్గర తేలుతుంది. దళారుల చేతిలో గిరిజనులు మోసపోకుండా అటవీ ఫలసాయాన్ని నేరుగా కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది, అది మంచి ఆలోచనే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మరో మెట్టెక్కి, సేకరించిన చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్నీ అమ్ముకునే హక్కునూ అడవిబిడ్డలకే ఇచ్చింది. అయితే సొంతదారుకు అసలు బలం, ధర నచ్చనప్పుడు సరుకును అట్టిపెట్టుకోగలగడంలో ఉంది. తడి తగలని గది, సరుకు మోసే బండి, నాలుగు రోజుల తిండిగింజలు లేని ఇంట్లో జిగురైనా తేనైనా తెచ్చిన రోజునే, చెప్పిన ధరకే చేయి మారుతుంది.