పారే నీరు ఎవరిది?

ఫిబ్రవరి నెలాఖరులో, చలి ఇంకా పూర్తిగా పోకముందే, మా సంఘపు యౌవనస్థులు ఆరుగురితో కలిసి మహేంద్రగిరి వైపు కాలినడకన వెళ్లాము. ఒడిశాలోని గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండను పర్లాకిమిడి ప్రాంతపు మన తెలుగువారు ఎరుగుదురు. అరవై దాటిన మాకు శిఖరం మీద ఆశ లేదు. దిగువ అడవిలో ఒక గెడ్డ పక్కన రాత్రి గడిపితే చాలుననుకొన్నాము.

పిల్లలు గుడారాలకు బదులు గుడ్డ ఉయ్యాలలు తెచ్చారు. ఇంగ్లీషువారు హేమక్ అనే ఈ ఉయ్యాల కరీబియన్ దీవుల ప్రజలది. 1492లో కొలంబస్ మనుషులు దాన్ని అక్కడే చూచారు. మనకు మాత్రం కొత్తా? చేలగట్టున చెట్టుకొమ్మకు చీర కట్టి మన తల్లులు బిడ్డలను పడుకోబెట్టలేదా? సన్నని తాడు బెరడును కోస్తుందనీ, ఆకులు చేసిన ఆహారం వేళ్లకు దిగే పొర బెరడు కిందనే ఉన్నదనీ, అందుకే వెడల్పాటి పట్టీలు కట్టాలనీ ఒక కుర్రవాడు మాకే పాఠం చెప్పాడు. సంతోషించాము. ఐమూలగా పడుకొంటే నడుము వంగదనీ, కింద గాలి ఆడుతుంది గనుక దుప్పటి పైన కంటె కిందనే ఎక్కువ అవసరమనీ ఆ రాత్రి నేర్చుకొన్నాము.

దారిలో ఇప్పచెట్ల కింద నేల కాలి నల్లబడి ఉన్నది. పువ్వులు ఏరుకొనేందుకు ఎండుటాకులు తగలబెడతారు. అడవిని పాడు చేస్తున్నారని మేము గట్టిగానే విమర్శించాము.

ఆ సాయంత్రం వంటగిన్నెలు గెడ్డలోనే సబ్బుతో కడిగాము. తెల్లవారుతుండగా సత్తుబిందెతో ఒక సవర ముసలమ్మ వచ్చింది. "బాబూ, కింద మేం నీళ్లు పట్టుకొనే మడుగులోకి నురగ వచ్చేసింది" అన్నది. అంతే, తిట్టలేదు. తిడితే మాకు కొంత తేలికగా ఉండేది.

పారే నీరు పాడవదని బడిలో ఎన్నో ఏండ్లు చెప్పిన నోరు మాది. వానాకాలంలో అందులో కొంత నిజమున్నది. మాఘం దాటాక గెడ్డ సన్నబడి, మడుగుకూ మడుగుకూ మధ్య దారంలాగా పారుతుంది. అప్పుడు వేసినది వేసినచోటనే నిలుస్తుంది. గిన్నెలు నీటికి అరవై మీటర్ల దూరాన, అంటే డెబ్బై ఎనభై అంగల అవతల కడిగి, ఆ నీరు నేల మీద పోయవలసినది.

"తెలియక చేసినది తప్పెలా అవుతుంది మాస్టారూ? ఆమె రాకపోతే మనకు తెలిసేదే కాదు గదా!" అన్నాడొకడు. తేలికగా తీసివేయదగిన మాట కాదు. తెలుసుకొనే వీలే లేనివాణ్ణి నిందించడం న్యాయం కాదని మేమూ ఒప్పుకొంటాము. అయితే మాకు ఆ వీలు లేదా? గెడ్డ వరకు నున్నగా అరిగిన కాలిబాట ఉన్నది. నడవడానికి హాయిగా ఉన్నదని మెచ్చుకొంటూ దాని మీదనే దిగాము. అది ఎవరి పాదాలకు అరిగినదో ఒక్కరమూ అడగలేదు. తప్పు సాయంత్రమే జరిగినది. తెల్లవారి దానికొక ముఖం కనిపించింది, అంతే. ముందురోజు ఇప్పచెట్ల కింద మేమన్న మాటలు అప్పుడు జ్ఞాపకం వచ్చాయి.

కుర్రవాళ్లు పైమడుగు నుండి నీళ్లు తోడి, బిందె ఆమె గూడెం దాకా మోశారు. పోతూ పోతూ ఆమె ఉయ్యాలల దగ్గర ఆగి, ఒకదాన్ని చేత్తో ఊపి, లోపలికి తొంగిచూచి అడిగింది: "పిల్లలేరి బాబూ?"