పెట్టెలో దాచిన పాట

చదువవలసిన భాగములు: మత్తయి 7:1–5, 1 కొరింథీయులకు 13:11, ఆమోసు 5:21–24



యౌవనమందు మనము ప్రేమించి విడిచిన దొకటి చాలకాలమునకు మరల మన చేతికి చిక్కినయెడల దానిని ఏమి చేయవలెను? పారవేయవలెనా? చేరదీసికొనవలెనా? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని దాని వెనుక మరియొక ప్రశ్న యున్నది: అసలు దానిని మనము ఎందుకు విడిచితిమి?

గడచిన కోతపండుగకు ముందు మా యింటికి వెల్ల వేయించుటకై సామానులు బయట పెట్టించితిమి. సెమినరీ దినములనాటి మా రేకు పెట్టె అడుగున, పాత నోటుపుస్తకముల క్రింద, గుడ్డలో చుట్టిన క్యాసెట్టు ఒకటి దొరికెను. అది 1986వ సంవత్సరము అక్టోబరులో అమెరికాలో వెలువడిన పాటల సంపుటము. పాడినవారు కాలిఫోర్నియా రాష్ట్రపు స్ట్రైపర్ అను నలుగురు యువకుల బృందము. సంపుటము పేరు ‘టు హెల్ విత్ ద డెవిల్’. పేరు విని ఎవరును ఉలికిపడవలదు. సాతానును వాని చోటికే పొమ్మనుట దాని భావము. మన ప్రభువు సహితము అరణ్యమందు వానిని పొమ్మని గద్దించెను గదా (మత్తయి 4:10).

సెమినరీలో మా గదిలో నుండిన మిజోరాం సహోదరుడు దానిని మాకిచ్చియుండెను. అది హార్డ్ రాక్ అనబడు సంగీతము. గిటార్లు రైసుమిల్లు నడచుచున్నట్లు మ్రోగును. డ్రమ్ముల దెబ్బ నేరుగా రొమ్మునకు తగులును. గాయకుడైన మైకేల్ స్వీట్ గొంతు తాటిచెట్టు కొననంటినట్లు పైపైకి పోవును. మొదట మాకు తలనొప్పి వచ్చెను. మాటలు అర్థమైన తరువాత ఆ పాటలలో ప్రభువు నామము వినబడెను. ఆ సంవత్సరమంతయు పరీక్షల దినములలో దీపమార్పిన తరువాత చెవులకు తగిలించుకొని దానినే వింటిమి. దుఃఖములో నున్న రాత్రులు అది మమ్మును లేవనెత్తెను.

అట్టిదానిని పెట్టె అడుగున ఎందుకు దాచితిమి? పెద్దవారొకరు మా గదికి వచ్చి, ఇది సాతాను వాద్యము, ఇట్టివి వినువానికి సంఘమును అప్పగింపరాదు అనిరి. మేము వాక్యమును పరిశోధింపలేదు, ప్రార్థింపలేదు, అవునండీ అంటిమి. అంతటితో నుండక, మరునాటినుండి అట్టి సంగీతమును ఇతరులకంటె గట్టిగా నిందింప మొదలుపెట్టితిమి. దాచినవాడు దొరకకుండుటకు అదే ఉపాయము గదా.

ఇప్పుడు దొరికిన క్యాసెట్టు తిరుగలేదు. టేపు బూజుపట్టి అంటుకొనిపోయినది. సామానులు మోయుటకు వచ్చిన పిల్లవాడొకడు పేరు చదివి, తన సెల్‌ఫోనులో ఆ పాటలనే వెదకి పెట్టెను. ఇరువది యేండ్ల తరువాత వరండాలో నిలువబడి వింటిమి. మా పాదము దానంతట అదే తాళము వేయుచుండెను. అప్పుడా పిల్లవాడు కపటమేమియు లేక, “అయ్యగారూ, మా అన్న వాయించింది ఇంతకన్నా మెల్లగానే ఉండేది గదండీ?” అనెను.

మా పాదము ఆగిపోయెను.

వాని అన్నను గూర్చి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు ఆరాధనలో అతడు రిథమ్ ప్యాడ్ వాయించెను. కూలిపని చేసి కూడబెట్టి కొనిన వాద్యమది. మేము ప్రసంగ పీఠమునుండి అతని వైపు చూచుచు, దేవుని మందిరము సినిమా హాలు కాదని, ఇది సాతాను వాద్యమని అంటిమి. అతడు ప్యాడ్‌ను సంచిలో పెట్టుకొని బయటికి పోయెను; మరల గుడి గడప త్రొక్కలేదు. వాని తల్లి ప్రతి ఆదివారము ముందు చాపమీదనే కూర్చుండును. ఆమె ఒక్క దినమైనను మమ్మును ఒక్క మాట అనలేదు. ఆమె మౌనమును మేము సమ్మతి అనుకొంటిమి.

ఆ రాత్రి స్ట్రైపర్ బృందపు చరిత్రను మరల తలపోసితిమి. ప్రభువు పొందిన కొరడా దెబ్బలే మనకు స్వస్థత అని బోధించు యెషయా 53:5 నుండి వారు తమ పేరు తీసికొనిరి. ఆ దెబ్బల చారలకు గురుతుగా పసుపు నలుపు చారల వస్త్రములు ధరించిరి. కచేరీలలో క్రొత్త నిబంధన ప్రతులను జనులలోనికి విసరిరి. పొడుగు వెండ్రుకలు, బిగుతు దుస్తులు చూచి సంఘస్థులు అనేకులు వారిని వెలివేసినట్లు మాటలాడిరి. సంపుటము అట్టమీద దేవదూతలు సాతానును క్రిందికి పడద్రోయుచున్న బొమ్మయుండగా, దానికిని అభ్యంతరములు వచ్చుటచేత దానిని తీసి ఉత్త నల్లని అట్ట వేయవలసివచ్చెను. అయినను అమెరికాలో ఆ సంపుటము పది లక్షల ప్రతులు అమ్ముడుపోయెను.

ఇందులో మా హృదయమును పొడిచిన సంగతి వేరొకటి యున్నది. మైకేల్ స్వీట్, అతని అన్నయగు రాబర్ట్, తమ బాల్యమందు 1970ల దశకములో టెలివిజనులో జిమ్మీ స్వాగర్ట్ గారి ప్రసంగము విని ప్రభువును అంగీకరించిన కుటుంబములోనివారు. తరువాత 1980ల దశకములో క్రైస్తవ రాక్ సంగీతమును తీవ్రముగా ఖండించి, ఈ బృందమును సహితము తప్పుపట్టినవారిలో ఆ స్వాగర్ట్ గారే ముఖ్యులు. తాను విత్తిన విత్తనము తాను ఎరుగని ఆకు తొడిగినందున దానిని కలుపుమొక్క అనుకొనిరి. ఆయనకు తీర్పు తీర్చుటకు మేమెవరము? ఆ రిథమ్ ప్యాడ్ పిల్లవానికి ఆదివారపు బడిలో మొదటి కంఠతవాక్యము నేర్పినవారము మేమే.

అయితే హెచ్చరించిన పెద్దల మాట అంతయు వ్యర్థమని చెప్పజాలము. కీర్తియందు అపాయము కలదు. ఆ బృందమే 1990లో పసుపు నలుపు వస్త్రములను విడిచి, సువార్త మాటలు తగ్గించి ‘ఎగైన్‌స్ట్ ద లా’ అను సంపుటము చేసెను. 1992లో మైకేల్ స్వీట్ బృందమును విడిచిపోయెను. వారు తిరిగి కూడుకొనుటకు పది సంవత్సరములు దాటెను. 2013లో తమ తొలినాటి పాటలనే ‘సెకండ్ కమింగ్’ అను పేరుతో మరల పాడి వెలువరించిరి. తాము విడిచినదానిని వారును తిరిగి చేతపట్టుకొనిరి. కనుక పెద్ద శబ్దము పరిశుద్ధమును కాదు, అపవిత్రమును కాదు. ఆమోసు ప్రవక్త దినములలో స్వరమండలములు చక్కగానే వాయించుచుండిరి. న్యాయము లేనందున దేవుడు వాటిని వినననెను. నూట యేబదియవ కీర్తనలో గణగణలాడు తాళములు సహితము స్తుతికి పిలువబడినవి. దేవుడు వాద్యమును కాదు, వాయించు చేతిని చూచును. వినువాని హృదయమును కూడ చూచును.

అట్లయిన, పెద్దవాడనైనప్పుడు పిల్లవాని చేష్టలు మానివేసితినని పౌలు చెప్పలేదా అని ఎవరైన అడుగవచ్చును. చెప్పెను. కాని మానుటలో మూడు విధములున్నవి. ఎదుగుటచేత మానుట ఒకటి. బిడ్డ పాలు మాని అన్నము తినునట్లు అది సహజము. మనస్సాక్షి గద్దించుటచేత మానుట మరియొకటి. అట్లు విడిచినదానిని మరల తాకరాదు. మనుష్యుల భయముచేత మానుట మూడవది. ఇది చూచుటకు పరిశుద్ధతవలె నుండును గాని కాదు. దీని గురుతు ఒకటి చెప్పెదము. ఎదిగి మానినవాడు ఇంకను ఎదుగనివాని యెడల ఓర్పు చూపును. మనస్సాక్షివలన మానినవాడు పడినవానికొరకు ఏడ్చును. భయముచేత మానినవాడో, తాను విడిచినదానిని మరియొకడు సంతోషముగా చేయుట చూచి ఓర్వజాలడు. మా కోపమంతయు అదియే. మా కంటిలోని దూలము పెట్టె అడుగున గుడ్డలో చుట్టబడి యుండెను.

మరియొకటి. ఆ పాట వినినప్పుడు మాకు కలిగిన సంతోషమంతయు దేవునివలన కలిగినదని చెప్పుకొనము. కొంత మా యౌవనమును గూర్చినదే. వెండ్రుకలు నెరయుచున్నవాడు తన ఇరువది యేండ్ల వయస్సును ఒక పాటలో కలిసికొనును. పూర్వదినములు ఈ దినములకంటె మంచివేల అని అడుగుట జ్ఞానము కాదని ప్రసంగి హెచ్చరించుచున్నాడు (7:10). పాత పాట పాత దినములకే త్రోవ చూపినయెడల అది మత్తుమందు. అన్యాయము చేసిన సహోదరుని గుమ్మమునకు నడిపించినయెడల అది దేవుడు పంపిన దూత.

మరుసటి వారము మేము బస్సెక్కి ఆ యువకుడు పని చేయుచున్న పట్టణమునకు పోతిమి. అతనికిప్పుడు పెండ్లియైనది, ఒక చిన్న కుమార్తె కలదు. ప్రసంగ పీఠమునుండి అన్నమాటను వాని గుమ్మములో నిలువబడి వెనుకకు తీసికొంటిమి. పెట్టెలోని క్యాసెట్టు సంగతియు చెప్పితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. తుదకు, “మీరు వచ్చారు అయ్యగారూ, అది చాలు” అని, మంచినీళ్లు తెచ్చి యిచ్చెను. అతడింకను గుడికి రాలేదు. రమ్మని మేము తొందరపెట్టుటలేదు. అందరి యెదుట గాయపరచినవారము గనుక, అందరి యెదుటనే ఒప్పుకొనవలెనని మరుసటి ఆదివారము సంఘములో ఈ సంగతి చెప్పితిమి. ముందు చాపమీద కూర్చున్న తల్లి కొంగుతో ముఖము కప్పుకొనెను.

చదువరులారా, మీ పెట్టె అడుగున ఏమున్నదో మాకు తెలియదు. అది పాటయే కానక్కరలేదు. ఇతరులలో మీరు మిక్కిలి కోపముతో ఖండించుచున్నది ఏదో, దానిని ఒకసారి విప్పి చూడుడి. అది మీరు ప్రభువుకొరకు విడిచినదా, మనుష్యులకొరకు దాచినదా? దాచినదైతే, దాని బరువు మీరు ఎవరిమీద మోపితిరో జ్ఞాపకము చేసికొనుడి. అర్పణ బలిపీఠమునొద్ద విడిచి మొదట వానియొద్దకు వెళ్లుడి. మనకొరకు దెబ్బలు తిన్న ప్రభువు, మనము కొట్టిన దెబ్బలను మాన్పుటకు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.