పనిచేసే చోటు - ధమ్మ దృష్టి



ధమ్మం అనగానే మనకు విహారం, ఆదివారం వందన, పౌర్ణమి నాటి పంచశీల గుర్తొస్తాయి. కానీ మన రోజులో ఎక్కువ భాగం గడిచేది విహారంలో కాదు. ఆఫీసులో, షాపులో, ఫ్యాక్టరీలో, బడిలో, ఆసుపత్రిలో. ఎనిమిది గంటలు, పది గంటలు అక్కడే ఉంటాం. అక్కడ మనిషికి సంతోషం ఉందా లేదా అన్న ప్రశ్న ధమ్మానికి పట్టని ప్రశ్న ఎలా అవుతుంది?

పనిలో సంతోషం ఎక్కడి నుంచి వస్తుంది? మనసు నుంచా, పనిచేసే చోటు నుంచా? ధ్యాన శిబిరాలకు వెళ్ళొచ్చిన కొందరు మిత్రులు వెంటనే జవాబు చెప్తారు. "అంతా మనసులోనే ఉంది. మనసు బాగుంటే మెట్ల కింద గది కూడా మేడే. మనసు బాగాలేకపోతే ఏసీ గది కూడా నరకమే" అంటారు. వినటానికి బాగుంటుంది. బుద్ధుడు చెప్పిందే కదా అనిపిస్తుంది కూడా. కానీ బుద్ధుడు నిజంగా అలా చెప్పాడా? బాబాసాహెబ్ జీవితం అలా చెప్తుందా? ఈ చిన్న వ్యాసంలో అదే చూద్దాం.

ముందు బాబాసాహెబ్ దగ్గరికి వెళ్దాం. 1917లో ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చి, బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. ముందుగా అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో వేశారు. అంత చదివిన మనిషి, అంత గట్టి మనసు. అక్కడ ఏం జరిగింది? ప్యూన్లు అంటు అవుతుందని ఫైళ్ళు దూరం నుంచి విసిరేవారని ఆయన జీవిత చరిత్రలో చదువుతాం. ఆఫీసులో తాగటానికి నీళ్ళు లేవు. ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. పార్సీ పేరు చెప్పుకుని ఒక పార్సీ సత్రంలో తలదాచుకున్నారు. ఆ సత్రం గురించి ఆయనే స్వయంగా రాశారు. పై అంతస్తులో పెద్ద హాలు, దాన్నిండా పాత చెక్కలు, విరిగిన కుర్చీలు. కరెంటు లేదు. కాపలా ముసలాయన తెచ్చిపెట్టే చిన్న లాంతరు వెలుగు జానెడు దూరం కూడా పారదు. చీకట్లో గబ్బిలాలు. ఆ చోటును ఆయన చీకటి కొట్టుతో పోల్చారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు అక్కడి నుంచి కూడా వెళ్ళగొట్టింది. ఒక తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయారు.

1918లో బొంబాయి సైడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ స్టాఫ్ కుండలో ఆయన నీళ్ళు తాగటానికి తోటి అధ్యాపకులు కొందరు అడ్డు చెప్పారు. ఉద్యోగం పెద్దదే, జీతం మంచిదే. కానీ కుండ?

ఇప్పుడు చెప్పండి. బరోడాలో బాబాసాహెబ్ మనసు బాగాలేక పని చేయలేకపోయారా? పట్టుదల తక్కువైందా? కాదు. ఆ మనసు చెక్కుచెదరలేదు. ఆ చోటే మనిషి పనిచేయటానికి వీలుగా లేదు. బల్ల, ఫైలు, కుండ, దీపం, గది, ఇవన్నీ కలిసి ఆయనకు రోజూ ఒకే మాట చెప్పాయి: "నువ్వు ఇక్కడివాడివి కావు." నోటితో ఎవరూ అననక్కర్లేదు. గోడ అంటుంది, కుండ అంటుంది.

ఇక బుద్ధుడి సంగతి చూద్దాం. మొదట్లో భిక్షువులు చెట్ల కింద, కొండ గుహల్లో, శ్మశానాల్లో పడుకునేవారు. రాజగృహంలో ఒక సెట్టి వారిని చూసి, నివాసాలు కట్టిస్తే ఉంటారా అని అడిగాడు. విషయం బుద్ధుడి దాకా వెళ్ళింది. "మనసు నిలిపినవాడికి ఇల్లెందుకు" అని బుద్ధుడు అనలేదు. ఒప్పుకున్నాడు. ఆ సెట్టి ఒక్క రోజులో అరవై నివాసాలు కట్టించాడని వినయ పిటకం చెప్తుంది. కథ అక్కడితో ఆగదు. ఆ నివాసాలకు మొదట కిటికీలు లేవట. లోపల కళ్ళకు ఇబ్బంది, వాసన. అది బుద్ధుడికి చెప్పారు. ఆయన కిటికీలకు అనుమతి ఇచ్చాడు. ఒక రకం కాదు, మూడు రకాల కిటికీలు! దుఃఖ నివారణ మార్గం కనిపెట్టిన మహామానవుడు కిటికీ గురించి కూడా ఆలోచించాడు. గాలీ వెలుతురూ ఆయనకు చిన్న విషయాలు కావు.

అనాథపిండికుడు శ్రావస్తిలో సంఘానికి చోటు వెతికిన తీరు కూడా చూడండి. ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు. జనం వచ్చిపోవటానికి వీలుండాలి. రాత్రి సద్దు ఉండకూడదు. అలా వెతికితే జేతవనం దొరికింది. పని ఏమిటో తెలుసుకుని, ఆ పనికి తగిన చోటు వెతకటం ఇది. ఇదే మధ్యేమార్గం. రాజభవనమూ కాదు, ముళ్ళ పడకా కాదు. సిద్ధార్థుడు రెండూ చూసి, రెండూ వదిలేశాడు.

మన నేల మీదే సాక్ష్యం ఉంది. విశాఖపట్నం దగ్గర తొట్లకొండకు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్లు, వరుసగా భిక్షువుల గదులు, అందరూ కలిసి తినే భోజనశాల. నాగార్జునకొండ విహారాల్లో నడిమధ్య మండపం, చుట్టూ గదులు. గదిలో ఒంటరిగా సాధన, మండపంలో అందరితో చర్చ. మంగలి ఉపాలి, పారిశుద్ధ్య పని చేసిన సునీతుడు సంఘంలోకి వచ్చాక వాళ్ళకు వేరే కుండ, వేరే వరుస పెట్టలేదు. సంఘంలో పెద్ద చిన్న లెక్క కులాన్ని బట్టి కాదు, దీక్ష తీసుకున్న కాలాన్ని బట్టి. అలాంటి సంఘానికి అలాంటి కట్టడం సరిపోయింది.

దీనికి తలకిందులుగా ఉండే కట్టడం కూడా మన దేశంలోనే ఉంది. పాత పట్టణాల్లో ఇళ్ళ వెనక సన్నటి సందు ఉండేది. ముందు గుమ్మం చుట్టాలకు, వెనక సందు మలం ఎత్తే మనిషికి. నీళ్ళు లేని పొడి మరుగుదొడ్డి కట్టిన రోజే, దాన్ని చేతులతో ఎత్తే మనిషి ఒకరు కావాలని ఆ ఇంటాయన తేల్చేశాడు. ఆ మనిషి ఏ కులమో కూడా తేల్చేశాడు. మేస్త్రీ పెట్టిన ఇటుక ఒక తల్లి జీవితాన్ని నిర్ణయించింది. అందుకే 1993లో వచ్చిన చట్టం మలం ఎత్తించటాన్నే కాదు, పొడి మరుగుదొడ్లు కట్టటాన్ని కూడా నిషేధించింది. ఆ చట్టం పేరులోనే రెండూ ఉన్నాయి. సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు మన తెలుగు నేల మీద గడ్డపారలు పట్టుకుని ఆ దొడ్లు కూలగొట్టారు. ఆ పనిలో ఉన్నవాళ్ళకు "మనసు బాగు చేసుకోండి" అని బోధించి ఊరుకోలేదు. గోడ పడగొట్టారు. అది కూడా ధమ్మ కార్యమే.

పరిసరాల ప్రభావం గురించి పరిశోధనలు కూడా ఉన్నాయి. 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రవేత్త, ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనపడే మంచాల మీద ఉన్నవాళ్ళు, ఇటుక గోడ కనపడే మంచాల మీద ఉన్నవాళ్ళ కన్నా త్వరగా ఇంటికెళ్ళారు. గట్టి నొప్పి మందులు కూడా తక్కువ అవసరమయ్యాయి. అంతకు ముందు 1920లలో షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో దీపాల వెలుగు పెంచి చూశారు, తగ్గించి చూశారు. తగ్గించినప్పుడు కూడా పని పెరగటంతో ఆశ్చర్యపోయారు. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న సంగతే కార్మికుల్ని కదిలించిందని అప్పట్లో అర్థం చెప్పారు. ఆ ప్రయోగాల మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. కానీ మనకు అనుభవంలో తెలిసిన మాటే అది. మనిషికి వెలుతురు కావాలి, ఒక చెట్టు కావాలి. దాంతోపాటు తనను మనిషిగా చూసే చూపు కావాలి.

కాబట్టి మంచి బిల్డింగ్ ఉంటే చాలు అని కూడా అనలేం. అద్దాల మేడలు చూస్తున్నాం. లోపల చల్లగా ఉంటుంది, కుండీల్లో మొక్కలుంటాయి, కాఫీ మిషన్ ఉంటుంది. అదే మేడ తుడిచే అమ్మ మధ్యాహ్నం క్యారేజీ విప్పుకోవటానికి మెట్ల కింద చోటు వెతుక్కుంటుంది. గేటు దగ్గర సెక్యూరిటీ తాత పన్నెండు గంటలు నిలబడే ఉంటాడు. ఒకే కట్టడం ఒకరికి స్వర్గం, ఒకరికి వెట్టి. అందం ఒక్కటే కొలత అయితే ఈ తేడా కంటికి ఆనదు.

మరి "మనసే ముందు" అన్న బుద్ధ బోధ తప్పా? తప్పు కాదు. మనం దాన్ని సగమే వింటున్నాం. మనసే ముందు అయితే, ఆ గోడ కట్టించింది కూడా ఒక మనసే కదా! వేరే కుండ పెట్టించింది ఒక మనసు. ఆడవాళ్ళకు బాత్రూం లేకుండా ప్లాను గీసింది ఒక మనసు. కట్టడం అంటే గడ్డకట్టిన ఆలోచన. ఒకరి లోభం, ద్వేషం, మోహం ఇటుకలుగా మారి ఇంకొకరి మీద యాభై ఏళ్ళు నిలబడతాయి. కట్టినవాడు పోయినా అవి పోవు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు అని ప్రతీత్య సముత్పాదం చెప్తుంది. సంతోషానికి కారణాలుంటాయి, దుఃఖానికి కారణాలుంటాయి. కారణాన్ని తాకకుండా దుఃఖం పోవాలనటం ధమ్మం కాదు.

ఇంకో మాట. సంతృప్తి గొప్ప గుణమే. కానీ అది నాకు నేను అలవరచుకునేది. ఎదుటివాడి నెత్తిన రుద్దేది కాదు. నేను సింపుల్‌గా బతుకుతాను అంటే అది సాధన. నిలబడి కాళ్ళు వాచిన మనిషితో "సంతృప్తి పడు" అంటే అది బోధ కాదు, దబాయింపు. మనవాళ్ళకు వందల ఏళ్ళు చెప్పింది అదే కదా, నీ కర్మ, సర్దుకో అని. పూర్వజన్మ కర్మ పేరుతో ఈ జన్మ అన్యాయాన్ని సమర్థించటాన్ని బాబాసాహెబ్ "బుద్ధుడు - ఆయన ధమ్మం"లో గట్టిగా తిప్పికొట్టారు. పాత కర్మ సిద్ధాంతాన్ని ధ్యానం మాటల్లో చుట్టి మళ్ళీ మన ఇంటికే తెస్తే మనం గుర్తుపట్టాలి.

బాబాసాహెబ్ ఏం చేశారు? 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది ఆ కృషితోనే. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో గాలి, వెలుతురు, శుభ్రత, మరుగుదొడ్లు అన్నిటికీ సెక్షన్లు రాశారు. తాగునీళ్ళ చోటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో రాసి ఉండాలన్నారు. నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలన్నారు. కానీ షాపులు ఆ చట్టం కిందికి రాలేదు. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో వాళ్ళకు కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు అదే దారిలో నడిచింది. ఒక స్టూలు కోసం చట్టం కావాల్సి వచ్చిందంటే, స్టూలు చిన్న వస్తువు కాదని అర్థం.

ఇప్పుడు అసలు ప్రశ్న మన వైపు తిప్పుకుందాం. రిజర్వేషన్ వల్ల, చదువు వల్ల మనవాళ్ళు ఇప్పుడు ఆఫీసర్లయ్యారు, హెడ్మాస్టర్లయ్యారు, డాక్టర్లయ్యారు. గదిలో బాబాసాహెబ్ ఫోటో పెట్టుకుంటున్నారు, సంతోషం. ఆ ఫోటో కింద అర్జీ పట్టుకుని వచ్చిన ముసలమ్మకు కుర్చీ ఉందా? అటెండరుకు ఫ్యాను తగులుతుందా? స్వీపరమ్మ మీరు తాగే ఫిల్టర్ నీళ్ళే తాగుతుందా, లేక బయట పంపు దగ్గరికి వెళ్తుందా? ఆఫీసులో ఆడవాళ్ళ బాత్రూంకు గడియ ఉందా, నీళ్ళొస్తాయా? ఇవి అడిగితే కోపం రాకూడదు. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు యజమానికి ఐదు బాధ్యతలు చెప్పాడు. శక్తికి తగిన పని ఇవ్వాలి. తిండి, కూలి ఇవ్వాలి. జబ్బు చేస్తే చూసుకోవాలి. రుచిగా ఉన్నది పంచుకోవాలి. వేళకు సెలవు, విశ్రాంతి ఇవ్వాలి. సీటులో కూర్చున్న ప్రతి బౌద్ధుడికీ ఇది వర్తిస్తుంది.

మన విహారాలు, అంబేద్కర్ భవనాలు కూడా అంతే. కట్టేటప్పుడు స్టేజీ ఎంత ఎత్తు అని చాలాసేపు మాట్లాడుకుంటాం. వంట చేసే అక్కలకు పొగ పోవటానికి కిటికీ ఉందా అని ఎంతసేపు మాట్లాడుకుంటున్నాం? కమిటీ మీటింగులో ఒకసారి ఆ అక్కల్నే పిలిచి అడగండి. పనిచేసే మనిషికే ఆ చోటు గురించి ఎక్కువ తెలుసు.

ఇద్దరు మనుషులు కలిసి బతికే చోట ధమ్మం కావాలి, ఒంటరివాడికి దాని అవసరం లేదు అన్నది బాబాసాహెబ్ వివరణ. ఆఫీసు అంటే ఇద్దరు కాదు, ఇరవై మంది కలిసి బతికే చోటు. రేపు పనికి వెళ్ళినప్పుడు ఒక్క పని చేయండి. మీ సీటులోంచి లేచి, మీ దగ్గర అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషి కూర్చునే చోటులో ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. గాలి వస్తుందా, వెలుతురు ఉందా, అసలు కూర్చోవటానికి ఏమన్నా ఉందా? ఏం లేదో అక్కడే తెలుస్తుంది. దాన్ని సరిచేయటం ఆ రోజు మీ శీలం.

భవతు సబ్బ మంగళం.
నమో బుద్ధాయ! జై భీమ్!