గురుకరజాతులు – దత్తత ధర్మము

శ్రీ గురుబసవలింగాయ నమః



టెక్కలికి సమీపమున రావివలస గ్రామమునందు ఎండల మల్లికార్జునస్వామి వెలసియున్నాడు. ఆ మహాలింగమునకు పైకప్పు లేదు. స్వామి ఎండకు ఎండుచు, వానకు తడియుచు, ఆకాశము క్రింద నిలిచి పూజలందుకొనుచున్నాడు. ఆ పేరు అందువలననే వచ్చినది. కార్తిక సోమవారములందు జనము తండోపతండములుగా వచ్చి అభిషేకములు చేయుదురు. వానరవైద్యుడగు సుషేణుడు ఇచ్చట తపము చేసి శివైక్యము నొందెనని స్థలపురాణము. వైద్యుని తపోభూమికి ఇరుగుపొరుగుననే మందునకు లొంగని రోగమొకటి నేడు కాపురముండుట చూడగా ఎట్టివానికైనను మనస్సు కలగక మానదు. ఆ ప్రస్తావన ముందు రాగలదు.

నీడ లేని దేవునికి చేతులు జోడించి ఇంటికి మరలుట ఎల్లరు ఎరిగిన భక్తి. ఆ దేవుని చూచి, "ఈతనికి నా యనువారు లేరా?" అని దుఃఖించునట్టి భక్తి మరియొకటి కలదు. పాల్కురికి సోమనాథ మహాకవి బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు చెప్పుచు బెజ్జమహాదేవియందు ఆ భక్తిని చూపెను.

ఆ అమాయకురాలికి కలిగిన చింత యొక్కటే: లోకమున ప్రతి ప్రాణికి తల్లి యుండగా శివునకు మాత్రము తల్లి లేకపోయెనే యని. తల్లియే యున్నచో కొడుకు తల జడలు కట్టనిచ్చునా? విషము మ్రింగనిచ్చునా? వల్లకాట తిరుగనిచ్చునా? ఇట్లు తలపోసి, తానే తల్లి కాదలచి, శివుని పసిబిడ్డగా చేసికొని, నూనె యంటి నీళ్ళు పోసి, కాటుక పెట్టి, పాలు పట్టి, జోలపాడి పెంచినది. పరమేశ్వరుడు ఆమెను పరీక్షింపనెంచి వ్యాధిగ్రస్తుని వలె పాలు త్రాగుట మానెను. బిడ్డ పాలు ముట్టకున్నచో తల్లి ఏమగునో ఆమెయు అదే యయ్యెను. బిడ్డకు రాగల కీడు చూచుటకంటె ముందుగా తన ప్రాణము విడువ సిద్ధపడెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమయ్యెను. జగత్తునకు తండ్రియైన వానికి తల్లి గనుక లోకము ఆమెను అమ్మవ్వ యని కొనియాడెను.

ఈ కథను పిచ్చిభక్తి యని నవ్వి త్రోసివేయువారు లేకపోలేదు. అట్టివారు ఒక్క విషయము గమనింపవలెను. బెజ్జమహాదేవి శివుని వరమేదియు కోరలేదు. సంతానమిమ్మని వేడుకొనలేదు. వంశము నిలుపుమనలేదు. తల్లి లేనివాడు కనబడెను, తల్లియయ్యెను. దత్తత యనునది ఇంతకంటె నిర్మలముగా ఏ శాస్త్రమునందును నిర్వచింపబడలేదు.

ధర్మశాస్త్ర మార్గమున దత్తతకు వేరొక ప్రయోజనము చెప్పబడినది. అపుత్రకునకు పున్నామ నరకము తప్పించుటకు, పిండోదకములు విడుచుటకు కుమారుడు కావలెను. కావుననే పూర్వ న్యాయము సాధారణముగా మగపిల్లవానినే దత్తత కంగీకరించెను. కానీ వీరశైవునకు పిండప్రదానమేది? శ్రాద్ధమేది? లింగాంగియైనవాడు దేహాంతమున సమాధిస్థుడై లింగైక్యము నొందునని నమ్మిన మతమునకు, పైలోకమున ఆకలిగొని కొడుకు చేతి పిండమునకు ఎదురుచూచు పితరులు లేరు. కనుక లింగాయత గృహస్థునకు దత్తత తీసికొనుటకు స్వార్థమైన కారణము ఒక్కటియు మిగులలేదు. మిగిలిన కారణము బిడ్డ ఆకలి. ఇతరులు పిండము పెట్టువానికొరకు వెదకవచ్చును. శరణుడు ముద్ద పెట్టవలసిన బిడ్డకొరకు వెదకవలెను. ఇట్లుండియు నేటికిని కొన్ని లింగాయత గృహములలో "మగపిల్లవాడైనచో చూతము" అను మాట వినబడుచున్నది. అది ఏ ఆగమమున నేర్చిన మాటయో వారే చెప్పవలెను.

ఇంకొకటి. గురువు శిష్యుని శిరస్సుపై హస్తముంచి, ఇష్టలింగమును కరస్థలమున నుంచిన క్షణమున ఆ శిష్యునకు పూర్వాశ్రయము తొలగుననియు, అతడు గురుకరజాతుడగుననియు వీరశైవ సిద్ధాంతము. గురుని చేతినుండి జన్మించినవాడని దాని యర్థము. అనగా లింగధారణ జరిగిన ప్రతి వ్యక్తియు రక్తసంబంధమును దాటి, చేతి స్పర్శచే ఒక ఇంటివాడైన దత్తపుత్రుడే. బసవేశ్వరుడు ఉపనయనమును నిరాకరించి తండ్రి ఇల్లు విడిచి వచ్చినవాడు. శరణుల సమూహమే ఆయనకు బంధువర్గమయ్యెను. మఠములయందును పరంపర నిలుచుట కడుపున పుట్టినవారివలన కాదు, చేర తీసిన శిష్యునివలన. తాను ఇట్లు స్వీకరింపబడినవాడై యుండి, వాకిట నిలిచిన బిడ్డను "నీవెవరివాడవు?" అని అడుగువాడు తన దీక్షను తాను మరచినట్లే.

ఈ మాటలకు ఉద్దానమున ఎంత ప్రసక్తి కలదో చూడుడు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురము మండలములలో సముద్రతీరము వెంబడి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కనులపండువుగా నుండిన సీమ యిది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, తరతరముల కొబ్బరిచెట్లను ఒక్క రాత్రిలో పడవేసినది. చెట్లు మరల నాటవచ్చును. అంతకు ఎన్నో యేండ్ల ముందునుండియే ఈ సీమ మనుష్యులను మూత్రపిండముల వ్యాధి కూల్చుచున్నది. దీనికి మూలకారణము ఇదియే యని పరిశోధకులు నేటికిని తేల్చిచెప్పలేకున్నారు. మధ్య అమెరికాలోని నికరాగువా దేశమున చెరకుతోటల కూలీలు ఇట్టి వ్యాధితోనే మరణింపగా, అచ్చటి యొక పల్లెకు "వితంతువుల దీవి" యను పేరు వచ్చినది. ఉద్దానమున వంశధార నీటిని ఇంటింటికి చేర్చు పథకము, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. ఇవి మేలైన పనులే. కానీ ఏ ఆసుపత్రియు పోయిన తండ్రిని తెచ్చి యియ్యజాలదు.

ఈ వ్యాధి పొలమున కష్టించు వయస్సువానిని పట్టును. అతడు పోయిన యింట ముసలి తల్లిదండ్రులు, భార్య, చిన్నపిల్లలు మిగులుదురు. ఒక్కొక్కచో భార్యకును అదే రోగము. అప్పుడు అరువదియేండ్ల అవ్వ మరల తల్లి కావలసివచ్చును. పలాస, కాశీబుగ్గలలో జీడిగింజలు ఒలుచు పనిలో, జీడి నూనెకు వ్రేళ్ళు నల్లబడి తోలు ఊడిన అవ్వలు ఆ కూలితో మనుమలకు పలకా పుస్తకములు కొనుచున్నారు. వీరెవ్వరును బసవపురాణము చదివినవారు కారు. అమ్మవ్వ యను బిరుదమునకు వీరికంటె అర్హులెవరు?

ఐనను అవ్వ ఎల్లకాలముండదు. ఆమె తరువాత ఆ బిడ్డ ఎవరిదను ప్రశ్నకు సమాధానము ఆమె బ్రదికియుండగానే దొరకవలెను. దూరపు బంధువులు సందేహింతురు. తండ్రి రోగము బిడ్డకు వచ్చునేమో యని కొందరు, ఆడపిల్ల పెండ్లిఖర్చు యని కొందరు, జాతకము కుదరలేదని కొందరు. తండ్రి వ్యాధిని సాకుగా చూపి బిడ్డను దూరము చేయుట వైద్యము కాదు, ధర్మమంతకన్నను కాదు. వైద్యులు ఆ సీమలో అందరికి చెప్పునదే ఆ బిడ్డకును చెప్పుదురు: రక్తపరీక్ష వేళకు చేయింపుడని, మంచినీరు త్రాగింపుడని. జాతకమును గూర్చి లింగాంగికి వేరుగ చెప్పనక్కరలేదు.

చట్టము విషయమున గృహస్థులు కొంత ఎరిగియుండుట మేలు. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టమున వీరశైవ, లింగాయత పదములు పేరుపేరున చేర్చబడినవి. ఆ చట్టమే ఆడపిల్లను దత్తత తీసికొనుటకు దారి తెరచినది. దత్తహోమము అవశ్యము కాదని కూడ అది చెప్పుచున్నది. హోమము చేయని వీరశైవులకు ఇది ఎంతయు అనుకూలము. బిడ్డను ఇచ్చుట, పుచ్చుకొనుట యథార్థముగా జరుగవలెను. సామాన్యముగా బిడ్డకు పదునైదేండ్లు నిండియుండరాదు. తల్లిదండ్రులిద్దరును లేనిచో సంరక్షకుడు న్యాయస్థానపు అనుమతితో ఈయవచ్చును. అనాథాశ్రమములలోని శిశువులను 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, ప్రభుత్వ దత్తత సంస్థ ద్వారా మాత్రమే స్వీకరింపవలెను; 2022 నుండి ఆ యుత్తర్వు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చుచున్నారు. ఆసుపత్రి గుమ్మమున మధ్యవర్తికి సొమ్మిచ్చి బిడ్డను తెచ్చుకొనుట నేరము. అది దత్తత కాదు, బేరము.

దత్తతకు శక్తి చాలనివారు అవ్వకు చేయూత యీయవచ్చును. తల్లి వితంతువైనను, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధిగ్రస్తులైనను, బంధువుల యింట పెరుగుచున్నను, పేద బాలలకు మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయల సాయమునకు అవకాశము కలదు. జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు అర్జీ పెట్టవలెను. అక్షరము రాని అవ్వకు ఆ అర్జీ వ్రాసిపెట్టి, వెంట శ్రీకాకుళము వెళ్ళి వచ్చుట ఒక పూట పని. విభూతి ధరించి చేయదగిన కాయకమే యది. ఆపదలోనున్న బాలలకొరకు 1098 అను ఫోను సంఖ్య దేశమంతట కలదు.

ఆంధ్రదేశమున రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగము, రాజ్యలక్ష్మమ్మ దంపతులకు సంతానము కలుగలేదు. 1881లో వారు మొదటి వితంతు వివాహము జరిపినప్పుడు వంటవారు, పనివారు ఆ యిల్లు విడిచిపోయిరి. ఆ యిల్లాలు తానే గోదావరి నీళ్ళు మోసి, తానే వండి, పుట్టింటివారు కాదన్న బాలవితంతువులకు తన యింటినే పుట్టిల్లు చేసెను. కడుపు పండలేదని వగచుచు ఆమె కూర్చున్నచో ఆ బాలికలకు దిక్కెవ్వరు?

లింగాయత సమాజమున ఇట్టి దీర్ఘజీవితము ఒకటి కన్నుల యెదుటనే గడచినది. తుమకూరు సిద్ధగంగ మఠాధీశులు శ్రీ శివకుమార మహాస్వామివారు 1907 ఏప్రిల్ 1న జన్మించిరి. బాల్యముననే తల్లిని గోల్పోయిరి. 1930లో విరక్తాశ్రమము స్వీకరించి, 1941లో మఠభారము వహించిరి. అన్నము, అక్షరము, ఆశ్రయము అను మూడింటిని త్రివిధ దాసోహముగా నెంచి, కులమతముల నడుగక వేలాది బాలురకు ఉచితముగా అమర్చిరి. మొదటి రోజులలో మఠమునకు సంపద లేదు. స్వామివారే పల్లెపల్లెకు భిక్షకు వెళ్ళెడివారు. వారు సన్న్యాసులు, సంసారమెరుగనివారు. కానీ నూట పదునొకండేండ్ల జీవితమున అంతటి సంసారము నడపిన గృహస్థు ఎవడైన కలడా? 2019 జనవరి 21న పగలు పదకొండు గంటలు దాటిన పిమ్మట వారు లింగైక్యమైరి. ఆ వార్త వెంటనే ప్రకటింపబడలేదు. తాను పోయినను పిల్లల భోజనము ఆగరాదని వారి ఆదేశము. పిల్లలు పంక్తులలో కూర్చుండి తిని, చేతులు కడుగుకొనిన తరువాతనే లోకమునకు తెలుపబడినది.

అంతటి మఠము అన్ని చోట్ల సాధ్యము కాదు. ఆ మాట చెప్పి తప్పించుకొనుట మాత్రము సులభము. రక్తశుద్ధికి రోగి యంత్రము ప్రక్కన ఇంచుమించు నాలుగు గంటలు పడుకొనవలెను, వారమునకు రెండు మూడు మారులు. పలాసకు, సోంపేటకు అట్లు వచ్చువారిలో ఇంట దిక్కులేక బిడ్డను వెంట తెచ్చుకొనువారు ఉందురు. వరండాలో గోడకానుకొని ఆ నాలుగు గంటలు కూర్చుండు బిడ్డకు మధ్యాహ్నమునకు అన్నము, సాయంకాలము వరకు ఒక తోడు కావలెను. ఆ జిల్లాలోని శరణ కుటుంబములు వంతులు వేసికొన్నచో ఒక్కొక్క యింటికి నెలకొక దినము వచ్చును.