చేతి అలవాటు జ్ఞానమేనా?

బుద్ధ పూర్ణిమకో, ఏప్రిల్ 14కో మన పెద్దలు చెప్పే మాటల్ని, అక్కచెల్లెళ్లు పాడే పాటల్ని ఫోన్లో రికార్డు చేస్తాం. పెద్దపంజాణి వైపు ఆ మాటల్లో ఫ్యాను రొద, రోడ్డు మీది టమాటా బండ్ల మోత కూడా కలిసి వస్తాయి. ఆ రొద తీసి, అనవసరమైనది కత్తిరించే పని మీ ఊళ్లో ఏ ఒక్కరికో వచ్చుంటుంది. ఆయన ఏళ్ల తరబడి ఒకే ప్రోగ్రాంలో చేస్తుంటాడు. ఒకప్పుడు కూల్ ఎడిట్. 2003లో అడోబీ కంపెనీ దాన్ని కొనేసి ఆడిషన్ అని పేరు మార్చింది. అది డబ్బు కట్టి వాడాల్సినది. కట్టగలిగినవాళ్లు కట్టి వాడుకోండి. కానీ షాపులో ఉత్తినే వేసిచ్చే కాపీ సంగతి మీకూ తెలుసు. ఇవ్వనిది తీసుకోనని పంచశీల చెప్పుకునేవాళ్లం, ధమ్మ ప్రసంగాన్ని దొంగ కాపీలో కోసి అతికించొచ్చా?

ఆడాసిటీ ఉంది. 2000 నుంచీ ఉచితం, పదిమందికి పంచినా తప్పు కాదు. అయినా మనవాడు మారడు. "అది బాగలేదన్నా" అంటాడు. మొదటిరోజు చికాకులు నిజమే. పాట మోగుతుండగా ఎఫెక్టు వేయబోతే మెనూలో అక్షరాలు మసకబారి పలకవు, ముందు స్టాప్ నొక్కాలి. సేవ్ చేస్తే ప్రాజెక్టు ఫైలు వస్తుంది, అది ఫోన్లో పాడదు. ఎంపీ3 కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి.

రొద తీసే పద్ధతి చూడండి. ఎవరూ మాట్లాడని ఒకట్రెండు సెకన్ల ముక్క ఎంచి, "ఇదీ రొద" అని ప్రోగ్రాంకు చూపిస్తాం. తర్వాత మొత్తం ఎంచి, అలాంటిదాన్ని తగ్గించమంటాం. ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది. రెండు ప్రోగ్రాంలలోనూ ఇంతే. ఈ కారణం తెలిసినవాడికి బటన్ వెతుక్కోవడం ఒక పూట పని. బటన్ ఎక్కడుందో మాత్రమే తెలిసినవాడికి చేతులు కట్టేసినట్టు అవుతుంది.

దాటాక తెప్పను నెత్తిన మోయొద్దని తథాగతుడు చెప్పింది మీరు విన్నదే. ఇక్కడ ఇంకో చిక్కుంది. తెప్ప నడపడం ఒక్కడికే వస్తే ఊరంతా గట్టున కూర్చోవాలి. కొత్తదానికి మారితే పదో తరగతి పాప మనకన్నా ముందే నేర్చేసుకుంటుంది. "అట్ల కాదన్నా, ఇట్ల" అంటుంది. ఆ మాట వినలేకే చాలామంది పాతదాన్ని పొగుడుతారని నా అనుమానం. విద్యను ఒక చోట దాచిపెట్టి మిగతావాళ్లను బయట నిలబెడితే ఎట్లుంటుందో మన తాతల్ని అడగాల్సింది. ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకునే నేర్చుకోండి.

పాతవి కొత్తదాంట్లో తెరుచుకుంటాయా అంటారేమో. వేవ్, ఎంపీ3 ఫైళ్లు తెరుచుకుంటాయి. ఆడిషన్ సెషన్ ఫైళ్లు తెరుచుకోవు, వాటిని ముందు అక్కడే వేవ్‌గా తీసిపెట్టుకోండి. నేర్చుకునేది కాపీ మీదే. అసలు రికార్డింగు ముట్టుకోవద్దు, అందులో మాట్లాడిన అవ్వ మళ్లీ చెప్పడానికి ఉండకపోవచ్చు.