చేను లేని కంచె

కంచె అనే మాట చెవిని పడగానే తెలుగువాడికి ముందుగా స్ఫురించేది ఒక సామెత. కంచే చేను మేస్తే ఇక కాపాడేదెవరు? ఈ మాట మన ఒక్కరి సొత్తు కాదు. కన్నడిగులూ, తమిళులూ, మరాఠీలూ తమ తమ భాషలలో అచ్చంగా ఇదే మాట అంటారు. ఇన్ని జాతుల అనుభవం ఒకే ఉపమానంలో ఒదిగిందంటే, అది పొలానికి మాత్రమే సంబంధించినది కాదని వేరుగా చెప్పనక్కరలేదు. కాపాడవలసినవాడే కబళించడం లోకంలో అంత తరచుగా జరిగిందన్నమాట. అయితే ఈ సామెత ఒక ప్రశ్నను అడగకుండానే వదిలివేసింది. చేనే లేని చోట నిలబడిన కంచె ఏ ధర్మాన్ని నెరవేరుస్తున్నట్లు? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనం వల్ల కాక, ఒక గుర్రం మూలంగా ఎదురైంది.

ఉద్యోగరీత్యా కొన్ని సంవత్సరాలు పుణేలో గడిపాను. ఆదివారం వచ్చిందంటే నేనూ, నా మిత్రుడొకరూ పాత కారులో దివే ఘాటు ఎక్కి, సాస్వడ్ మీదుగా జెజూరి వైపు వెళ్లేవాళ్లం. ప్రత్యేకించి ఏ పనీ ఉండేది కాదు. నగరం వెనుకబడి, నల్లరేగడి చెలకలూ, బోడి గుట్టలూ మొదలైతే మనసు తేలికపడేది. ఆ ప్రయాణాలలో మా కన్ను రెండింటిని వెదకడం అలవాటు చేసుకున్నది. ఒకటి పాత కంచెలు, రెండవది గుర్రాలు.

ఆ దారి పొడుగునా కంచెలు ఎన్నో రకాలు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, కిత్తనార వరుసలు, నాగజెముడు పొదలు, ఏటేటా కొట్టి పరిచే తుమ్మకంప. ఇటువంటి కంచెలు మన తెలంగాణలోను, రాయలసీమలోను చూసినవే కనుక నాకు అవి పరాయివిగా తోచలేదు. జెజూరి ఖండోబా కూడా పరాయివాడు కాడు. మన గొల్లకురుమలు కొలిచే మల్లన్నే అక్కడ ఖండోబా, కన్నడసీమలో మైలారుడు. గుర్రమెక్కిన దేవుడు. ఆయన భార్యలలో ఒకరు గొర్రెల కాపరుల ఆడబిడ్డ అని మన కథా చెబుతుంది, వారి కథా చెబుతుంది.

ఇక గుర్రాలు. అవి పందెపు గుర్రాలు కావు, పెళ్లి ఊరేగింపులలోనివీ కావు. ధనగర్ కాపరుల వెంట నడిచే పొట్టి గుర్రాలు. వంటపాత్రలూ, గుడారపు గుడ్డలూ, ఆ రోజే పుట్టిన గొర్రెపిల్లలూ వాటి వీపు మీదనే. భీమానదీ తీరం పేరిట వీటికి భీమ్‌థడి అని పేరు. ఒకనాడు మరాఠా ఆశ్వికదళాలను మోసిన ఈ జాతిని కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ ఈ దశాబ్దంలోనే దేశీయ జాతిగా నమోదు చేసింది. దీపావళి దాటాక పలు ధనగర్ కుటుంబాలు మెట్ట ప్రాంతాల నుండి కొంకణం వైపు మందలు తోలుకుపోయి, వానకాలానికి ముందు తిరిగివస్తాయి. కోత అయిన వరిమళ్లలో రాత్రిపూట మంద పెడితే రైతుకు ఎరువు, కాపరికి గింజలు. మన పల్లెలలోనూ మందలు పెట్టించుకోవడం పెద్దలందరూ ఎరిగినదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ ఏర్పాటులో కంచెకు ఒక కాలపరిమితి ఉండేది. పైరు నిలిచి ఉన్నంతకాలం మేకపిల్ల దూరినా తగవే. పంట ఇంటికి చేరిన మరునాడు ఆ కంపనే రైతు స్వయంగా పక్కకు లాగి మందను పిలిచేవాడు. అంటే కంచె భూమికి కాదు, పంటకు. నిన్న ‘రావద్దు’ అన్న చోటే నేడు ‘రండి’ అనడంలో వారికి వైరుధ్యం ఏదీ కనిపించలేదు.

ఇంత తెలిసినవాడినే నేను. అయినా, ఇల్లు కట్టుకొనే అనుమతి ఉన్న ఒక అర ఎకరం స్థలాన్ని ఆ ప్రాంతంలో మిత్రునితో కలిసి కొన్నప్పుడు, మేము మొదట చేసిన పని చుట్టూ రాతి కడీలు పాతి ముళ్లతీగ బిగించడం. ఇల్లు ఎప్పుడు కడతామో తెలియదు. మొక్క నాటలేదు. కానీ హద్దు మాత్రం స్థిరపడాలి. అప్పటికి అది వివేకమనే అనిపించింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం మేము అక్కడ ఉండగా ఒక మంద వచ్చింది. ముందు నడుస్తున్న గుర్రం నేరుగా మా తీగ వద్దకు వచ్చి, దాని మీదుగా మెడ చాచి నిలబడిపోయింది. వెనుక వస్తున్న స్త్రీ చంకలో గొర్రెపిల్ల ఉన్నది. ఆమె ఎంత అదిలించినా గుర్రం మరలదు. మా స్థలానికి ఆవల పల్లంలో ఒక నీటిగుంట ఉన్నది. ఏటా నడిచిన దారి దానికి తెలుసు, మా దస్తావేజు తెలియదు.

మందతో వచ్చిన వృద్ధుడు తీగను చేతితో తడిమి చూసి, “సాహెబ్, లోపల ఏం వేశారు?” అని అడిగాడు.

“ఇంకా ఏమీ వేయలేదు బాబా” అన్నాను.

“మరి దేనికి ఈ కాపలా?”

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు. నేను జవాబు వెదుక్కొంటుండగానే, గుర్రం కళ్లెం పట్టి మందను మళ్లించుకొని, గుట్ట చుట్టి వెళ్లాడు. ఆ చుట్టుదారి మైలుకు తక్కువ ఉండదు. నాకు చట్టం అండగా ఉన్నది. కానీ ఆ ముసలివాని ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు.

కంచె కట్టడమే పాపమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అడవిపందుల భయానికి మంచె మీద రాత్రులు జాగారం చేసే చిన్నరైతుకు ఆ మాట చెప్పడం క్రూరత్వమవుతుంది. శ్రమ ఉన్న చోట రక్షణ ఉండాలి. అడ్డుకొనే హక్కు, కాపాడవలసినదేదో ఉన్నందువల్ల పుట్టిన హక్కు. ఆ వస్తువు లేనప్పుడు మిగిలేది అడ్డుకోవడమొక్కటే. అప్పుడది రక్షణ కాదు, పెత్తనం.

చరిత్రలో ఈ తేడాను మన దేశమంత పెద్ద అక్షరాలతో చూసిన దేశం మరొకటి ఉండదేమో. ఉప్పు మీద పన్ను ఎగవేతను అరికట్టడానికి ఆంగ్ల పాలకులు ఒక సుంకపు సరిహద్దును నెలకొల్పారు. 1869 నాటికి అది సింధునది ప్రాంతం నుండి ఒడిశా దిశగా సుమారు 2,300 మైళ్లు సాగింది. కాపలాకు దాదాపు 12,000 మంది. చాలా దూరం దానిని తుమ్మ, రేగు, వాక, నాగజెముడు వంటి ముళ్లమొక్కలతో సజీవమైన కంచెగా పెంచారు. 1867 నుండి 1870 వరకు ఆ శాఖకు కమిషనరుగా ఉండి కంచెను శ్రద్ధగా పెంచినవాడు అలెన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్నదీ ఆయనే. సజ్జనుడు కూడా తనకు అప్పగించిన కంచెను నిష్ఠతో పెంచగలడు, దాని వెనుక ఏ చేను ఉన్నదని అడగకుండానే. ఆ కంచె వెనుక ఉన్నది పైరు కాదు, పేదవాని గంజిలోకి చేరవలసిన చిటికెడు ఉప్పు. 1879లో ఆ సరిహద్దును ఎత్తివేశారు. పన్ను మాత్రం 1947 వరకు నిలిచింది. ముళ్లు పోయినా కంచె పోలేదు.

ఇంగ్లండులో ఈ కథ మరొక రూపంలో నడిచింది. 1604 నుండి 1914 వరకు 5,200కు పైగా శాసనాల ద్వారా ఇంచుమించు 68 లక్షల ఎకరాల ఉమ్మడి భూములకూ, పొలాలకూ హద్దులు ఏర్పడ్డాయి. నేడు యాత్రికులు ముచ్చటపడి చూసే ఆ పల్లెసీమల పొదకంచెలలో చాలా భాగం ఆనాటివే. ఇది మా ఆదివారపు షికార్లకూ వర్తించే హెచ్చరిక. పాత కంచె అందంగా కనిపిస్తుంది. అది ఎవరిని బయట నిలిపిందో పరుగెత్తే కారులోనుండి కనబడదు. దిగి నిలబడితే తప్ప తెలియదు.

దీనికి బదులన్నట్లు అదే దారిలో మరొక దృశ్యం ఉన్నది. ఏటా జ్ఞానేశ్వరుని పాదుకల పల్లకి ఆళంది నుండి పండరిపురానికి ఈ దివే ఘాటు మీదుగానే సాగుతుంది. పల్లకి ముందు రౌతు లేని గుర్రమొకటి నడుస్తుంది. దాని మీద జ్ఞానేశ్వరుడే ఉన్నాడని వార్కరీల విశ్వాసం. మార్గమధ్యంలో కొన్ని చోట్ల వేలాది జనం వలయంగా నిలబడితే ఆ గుర్రం లోపల పరుగు తీస్తుంది. దీనిని రింగణ్ అంటారు. ఆ మనుషుల వలయం కూడా ఒక కంచే. అయితే అది గుర్రం పరుగుకు చోటివ్వడానికి ఏర్పడింది, పరుగు ముగియగానే విడిపోతుంది.

పరిపాలనలో ఉన్నవారికి ఈ విచారం కొత్త కాదు. ప్రతి నియమమూ ఒక కంచె. అది పుట్టిన రోజున దాని వెనుక తప్పక ఏదో ఒక పైరు ఉండి ఉంటుంది. కొన్నేళ్లకు పైరు కోతకు వస్తుంది, నియమం మాత్రం బీడుకు కాపలా కాస్తూ నిలుస్తుంది. దానిని అమలు జరిపేవారు దుర్మార్గులు కానక్కరలేదు. ముసలివాని ప్రశ్నను తమను తాము వేసుకోనివారైతే చాలు.

మేము ఆ తరువాతి వారమే రెండు కడీల మధ్య తీగ కత్తిరించి దారి వదిలాము. మరుసటి కార్తీకంలో వెళ్లి చూస్తే అక్కడ గిట్టల జాడ లేదు. గుట్ట చుట్టూ మాత్రం కొత్త బాట ఒకటి నలిగి తెల్లబడి కనిపించింది. దారి మూయడానికి మాకు ఒక పూట పట్టింది. తెరిచినంత మాత్రాన అది తిరిగి దారి కాలేదు. ఆ సందును మేము మళ్లీ మూయలేదు. ఇప్పటికీ ఎక్కడ కంచె కనిపించినా, అది నేను కట్టినదైనా మరొకరు కట్టినదైనా, ముందుగా లోపలికి తొంగి చూస్తాను, చేను ఉన్నదా అని.