అమ్మ ఏమనేది?

పది వేల ఏళ్ళకు పైబడి కనుమరుగైన డైర్ వుల్ఫ్ జాతి తోడేలు మళ్ళీ పుట్టిందని 2025 ఏప్రిల్‌లో ఓ అమెరికా కంపెనీ ప్రకటించింది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. అయినా ఇలాంటి వార్త వస్తే ఆవిడ ఏమనేదా అని ఆలోచించడం నాకు అలవాటు.

అమ్మ జీవశాస్త్రవేత్త. జంతువుల కణాలను ద్రవ నత్రజనిలో దాచే పని. సెలవుల్లో నన్ను లాబ్‌కి తీసుకెళ్ళేది. డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ అంచు మీంచి కిందికి జారేది. లావుపాటి గ్లౌజులతో చిటికెన వేలంత గొట్టం ఒకటి పైకి తీసి చూపించింది.

“అందులో ఏముందమ్మా?”

“జింక చెవి ముక్క.”

“మరి జింక?”

“జింక లేదు. చెవి ఉంది.”

ఆ తోడేలు కథా అంతే. ఇప్పటి బూడిదరంగు తోడేలు కణం తీసుకుని, 14 జన్యువుల్లో 20 చోట్ల దిద్దారు. మిగతాదంతా బూడిదరంగు తోడేలే. పాత ఇంటి తలుపులు తెచ్చి అపార్ట్‌మెంటుకి బిగించినంత మాత్రాన తాతగారి ఇల్లవుతుందా?

అలాగని ఇది దేవుడి పనిలో వేలు పెట్టడమంటే అమ్మ ఒప్పుకునేది కాదు. “ఇన్సులిన్ పొడుచుకునేటప్పుడు గుర్తురాని దేవుడు ఇప్పుడెందుకు గుర్తొచ్చాడు వదినా?” అనేది. బాక్టీరియాలో మనిషి జన్యువు పెట్టి తీసే ఇన్సులిన్ 1982 నుంచీ వాడకంలో ఉంది మరి.

పోయిన జాతిని తిరిగి పుట్టించే ప్రయత్నం ఇంతకుముందూ జరిగింది. స్పెయిన్‌లో బుకార్డో అనే కొండమేక జాతిలో ఆఖరిది సీలియా. 2000 జనవరిలో చెట్టు మీద పడి చచ్చిపోయింది. ముందే దాని చెవి నుంచి కణాలు తీసి దాచారు. 2003లో ఆ కణాలతో తయారైన 208 పిండాలను 57 మేకల కడుపుల్లో పెడితే ఏడు నిలిచాయి, ఒక్కటి పుట్టింది. ఊపిరితిత్తుల లోపంతో కొద్ది నిమిషాల్లోనే పోయింది. అందరూ ఆ ఒక్కదాని గురించే రాశారు. అమ్మ ఆగేది 57 దగ్గర. ఎవరి సరదాకి మోశాయి అవి?

మన కలివి కోడి సంగతి చూడండి. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు కాబట్టి పోయిందనుకున్నారు. రాత్రిపూట తిరిగే పిట్ట అది. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అక్కడి పిట్టలు పట్టేవాళ్ళకి దాని పేరు ముందే తెలుసు! దాన్ని పుట్టించనక్కర్లేదు, ఆ ముళ్ళపొదల చిట్టడవిని ఉండనిస్తే చాలు.

ఇంతకీ అమ్మ ఆ తోడేలు పనిని కాదనేదేనా? ఏమో. ఆ కంపెనీ లాబ్‌లో ఒక్కరోజు కూర్చోనిస్తారా అని మాత్రం సిగ్గుపడకుండా అడిగేది. ఇన్సులిన్ మాట నిజంగా ఆవిడదే, మా పెద్దత్తతో అన్నది. తలుపుల మాట నాది. 57 దగ్గర ఆగింది ఆవిడో నేనో ఇప్పుడు తేల్చలేను.